ఆదివారం తెలుపు, శనివారం చాకిరీ

(తెలుగు యవ్వనస్థుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట అంశం బట్టలుతకడం అని చూసి కొందరు నవ్వారని విన్నాం. పాపాలు కడగబడటం గురించి చెబుతారేమో అనుకున్నవాళ్ళూ ఉన్నారట. కాదు. చొక్కా కాలరు, చీర అంచు, దుప్పటి, వంటింటి మసిగుడ్డ, వీటి గురించే మాట్లాడబోతున్నాం. మధ్యలో బైబిలు వస్తుంది. ఎందుకంటే బైబిల్లో ఉతుకుడు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంది.

ఆహాజు రాజును కలుసుకొమ్మని దేవుడు యెషయాను ఎక్కడికి పంపాడో గుర్తుందా? చాకిరేవుకు పోయే దారికి. మలాకీ మూడో అధ్యాయం రాబోయేవాణ్ణి చాకలివాడి సబ్బుతో పోల్చింది. రూపాంతరపు కొండ మీద ప్రభువు వస్త్రాల తెలుపు చెప్పడానికి మార్కు తెచ్చుకున్న కొలత కూడా చాకలివాడి పనితనమే. ఈ గ్రంథాలు రాసినవాళ్ళు రేవును చూసినవాళ్ళు. మన ప్రసంగాల్లో మాత్రం రేవు కనబడదు. తెల్ల చీరలూ తెల్ల చొక్కాలూ కనబడతాయి, అవి తెల్లగా ఎలా అయ్యాయో కనబడదు.

మన సంఘాల్లో బల్ల ఆరాధన నాడు తెలుపు కట్టుకోవడం పెద్దల నాటి నుంచీ ఉంది. సోలాపూర్‌లో చూశాం, బరంపురంలో చూశాం, చెన్నైలో, యానాంలో చూశాం. మాతృభాష సగం మరిచిన ఇళ్ళలో కూడా ఆ తెల్లచీర మరిచిపోలేదు. మంచిదే. అయితే ఆ తెలుపు శనివారం రాత్రి ఎవరి చేతుల మీదుగా వస్తుంది? ఈ మాట అడిగితే మొన్న ఒక తమ్ముడు టక్కున అన్నాడు, "మాకు వాషింగ్ మిషన్ ఉంది అయ్యగారూ" అని. సరే తమ్ముడూ, ఆ మిషన్‌లో బట్టలు వేసేదెవరు? తీసేదెవరు? ఆరేసేదెవరు? మడతపెట్టేదెవరు? మిషన్ చేతుల బరువు మోసింది, మనిషిని మాత్రం మార్చలేదు.

దేశవ్యాప్తంగా ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే ఒకటుంది. 2019లో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని లెక్క తేలింది. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. మళ్ళీ 2024లో లెక్కవేస్తే ఆడవాళ్ళవి 289, మగవాళ్ళవి 88. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు 10 నిమిషాలు తగ్గాయి, సంతోషం. మగవాళ్ళకు కూడా 9 నిమిషాలు తగ్గాయి! ఇంత పని చేసి వాళ్ళెందుకు అలసిపోయారో మాకు అర్థం కాలేదు.

ఇప్పుడు మన ఇంటి లెక్క వేద్దాం. ఐదుగురున్న ఇల్లు. మనిషికి రోజుకు పైవీ లోపలివీ కలిపి నాలుగు బట్టలు. రోజుకు 20, వారానికి 140. దుప్పట్లు, తువాళ్ళు, స్కూలు యూనిఫారాలు అదనం. చేత్తో ఉతికితే ఒక్కొక్కటీ కనీసం నాలుగుసార్లు చేతిలో పడుతుంది: నానేసేటప్పుడు, రుద్దేటప్పుడు, జాడించేటప్పుడు, పిండి ఆరేసేటప్పుడు. అంటే 560 సార్లు. ఇక నీళ్ళు. 20 లీటర్ల బకెట్టు 20 కిలోల బరువు. కింద కుళాయి దగ్గర నింపి రెండో అంతస్తు డాబా మీదికి మోసే అక్కలు ఈ గదిలోనే ఉన్నారు. ఉతకడంలో అసలు కష్టం రుద్దడం కాదు. నీళ్ళు మోయడం, వంగడం, తడిబట్ట పిండడం. సులువు చేయాలంటే ముందు ఆ మూడింటి మీద పడాలి.

వంగడం తగ్గించడానికి మిషన్ కొననక్కరలేదు. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చేసరికి మన వంట నేలమీది నుంచి గట్టు మీదికి లేచింది. ఉతుకుడు బండ మాత్రం చాలా ఇళ్ళలో ఇంకా నేలమీదే ఉంది. నడుము ఎత్తున నాలుగు సిమెంటు ఇటుకలు పేర్చి బండ దానిమీద వేయండి. అద్దె ఇల్లయితే పాత బెంచీ మీద టబ్బు పెట్టండి. జాడించే టబ్బు కూడా అదే ఎత్తున ఉండాలి, లేకపోతే సగం లాభమే. మా సంఘంలో ఇద్దరు కుర్రాళ్ళు ఒక శనివారం మధ్యాహ్నం మూడిళ్ళలో ఈ పని చేశారు. ఆ ఇళ్ళలో పెద్దమ్మలు వాళ్ళకోసం ఎంతసేపు ప్రార్థన చేశారో మేము చెప్పం.

నీళ్ళ సంగతి ఊరిని బట్టి మారుతుంది. బెంగళూరులో కావేరి కుళాయి ఉన్న వీధి వేరు, బోరు మీద బతికే వీధి వేరు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూసిన రోజులు ఇక్కడివాళ్ళకు గుర్తే. సోలాపూర్‌లో నల్లా రోజూ రాదు, కాబట్టి నల్లా వచ్చిన రోజే ఉతుకుడు రోజు, ఆ రోజు జ్వరమొచ్చినా సరే. ఇలాంటి చోట వారానికి రెండు రోజులు పెట్టుకుని ఒక వరస పాటించండి. సబ్బునీళ్ళలో మొదట తెల్లవి, తరువాత లేతరంగులు, తరువాత ముదురువి, చివర కాళ్ళు తుడిచే పట్టాలు. ఆఖరిసారి జాడించిన నీళ్ళు దాదాపు మంచినీళ్ళే. అవి తరువాతి విడత నానబెట్టడానికో, మరుగుదొడ్డికో పనికొస్తాయి.

బోరునీళ్ళలో ఎంత పొడి వేసినా నురగ రాదని అందరి ఫిర్యాదు. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బిళ్ళ సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది. ఆ తెట్టే తెల్లబట్ట మీద బూడిదరంగుగా పేరుకుంటుంది. మనం అది మురికి అనుకుని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. సబ్బు పొడికి ఈ బెడద తక్కువ, కానీ దాని సత్తా కూడా కొంత ఆ నీళ్ళే తినేస్తాయి. మందు ఖరీదైనదేం కాదు. చాకలి సోడా, అంటే బట్టల సోడా. తినే సోడా కాదు. బకెట్టు నీళ్ళలో ముందు ఒక చెంచా సోడా కరిగించి, ఆ తరువాత పొడి వేయండి. పట్టుకూ ఉన్నికీ వాడకండి. చర్మం మంటపుట్టేవాళ్ళు తొడుగులు వేసుకోండి.

పొడి గురించి ఒక మాట. ఏ కంపెనీదైనా మనం సర్ఫే అంటాం, గుప్పెడు గుప్పెడు వేస్తాం. నురగ శుభ్రానికి గుర్తు కాదు. ప్యాకెట్టు మీద రాసిన కొలతకు మించి వేస్తే మురికి ఎక్కువ పోదు. జాడించడానికి ఇంకో రెండు బకెట్లు కావాలి. సరిగ్గా పోని సబ్బు ఒంటికి దురద పెడుతుంది, పసిపిల్లలకు మరీను. నానబెట్టడం కూడా అరగంట చాలు. రాత్రంతా నానేస్తే వాసన వస్తుంది, ఒకదాని రంగు ఇంకొకదానికి అంటుతుంది.

మరకల సంగతి త్వరగా చెప్పేస్తాం, తల్లులకు ఇవి తెలిసినవే, కుర్రాళ్ళకోసం. రక్తపు మరకకు చన్నీళ్ళే. వేడినీళ్ళు పోస్తే అది బట్టలోనే గట్టిపడుతుంది. నూనె మరకను తడపకముందే గిన్నెలు తోమే ద్రవం రాసి కాసేపు వదిలేయండి. బాల్‌పెన్ను గీతకు చేతులకు రాసుకునే శానిటైజరు అద్దండి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. ఉతికి మంచి ఎండలో వేస్తే ఎండే దాన్ని తినేస్తుంది. బిరియానీ తిన్న చొక్కాకు సూర్యుడే దిక్కు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: బ్లీచింగునూ మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న స్నానాల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఆడపిల్లల నెలసరి గుడ్డల మాట సంఘంలో ఎవరూ ఎత్తరు. మేము ఎత్తుతాం. చన్నీళ్ళలో జాడించి, సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేయాలి. మన ఇళ్ళలో జరిగేదేమిటి? ఎవరి కంటా పడకూడదని మంచం వెనకో, ఇంకో బట్ట కిందో ఆరేస్తారు. సరిగ్గా ఆరని గుడ్డ జబ్బు తెస్తుంది. దండెం మీద దాన్ని చూసి ముఖం తిప్పుకునే అన్నదమ్ముల వల్లే ఆ గుడ్డ చీకట్లోకి పోయింది. మీ ఇంటి దండెం మీద ఎండ తగిలే చోటు ఎవరి బట్టలకు దక్కుతోందో ఈసారి చూడండి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మన తాతల పల్లెల్లో రేవు కూడా కులం చూసింది. ఊరి చాకలి ఊరివాళ్ళ బట్టలు ఉతికేవాడు. మాలపల్లెకూ మాదిగగూడేనికీ ఆ సేవ లేదు, ఊరి చెరువులో దిగే హక్కూ లేదు. తమిళనాడులో దళితుల బట్టలుతకడానికి పుదిరై వణ్ణార్లని వేరే కులాన్నే పెట్టి, వాళ్ళు కంటపడటమే మైల అన్నారు. వాళ్ళకంటూ ఒక సంక్షేమ బోర్డు 2009లో గానీ రాలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టింది ఈ మైల మీదే. నీళ్ళు ఇవ్వనివాళ్ళే నీళ్ళు లేనివాళ్ళను మురికివాళ్ళన్నారు. అందుకే పాస్టర్లుగా మేము ఒక నియమం పెట్టుకున్నాం. శుభ్రమైన బట్టలతో మందిరానికి రండి అని చెప్పే ముందు, ఆ ఇంటికి ఎన్ని రోజులకొకసారి నీళ్ళు వస్తాయో అడుగుతాం.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది తల్లిదండ్రులు బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చినవాళ్ళు, ఇంకా ఊడుస్తున్నవాళ్ళు. బెంగళూరు పౌరకార్మికుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే, తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల వాళ్ళు వాళ్ళలో ఎందరో. తెల్లవారేసరికి పనిలో ఉంటారు. చెత్తబండి రసం, కాలువ మట్టి, కుక్క కళేబరం, అన్నీ ఆ చీర మీదా, దాని మీద వేసుకున్న కోటు మీదా పడతాయి. ఆ కోటు ఎక్కడ ఉతుకుతారు? ఇంట్లో. డబ్బిచ్చి కొన్న నీళ్ళతో. పసివాడి బట్టలు నానేసిన టబ్బులోనే, ఎందుకంటే ఇంకో టబ్బు లేదు. నగరం మురికి కడగడానికి నగరం కూలి ఇస్తుంది. నగరం మురికి అంటిన బట్ట కడగడానికి మాత్రం కూలీ లేదు, సబ్బూ లేదు, నీళ్ళూ లేవు. అది మన ఆడవాళ్ళు ఉచితంగా చేస్తున్న నగర సేవ.

ఇంట్లో చేయగలిగింది చేద్దాం. పని బట్టలకు వేరే బకెట్టు, దానికి ఎర్రరంగు పూసి ఉంచండి. ఇంట్లోకి తేకుండా గుమ్మం బయటే విప్పి, ముందు ఒట్టి నీళ్ళతో మట్టి పోగొట్టి, తరువాత వేడినీళ్ళలో పొడి వేసి నానబెట్టండి. పిల్లల బట్టలతో ఎప్పుడూ కలపకండి. కానీ ఇక్కడ ఆగిపోతే భారమంతా మళ్ళీ ఆ తల్లి మీదే పెట్టినట్టు. పనిచేసే చోటే నీళ్ళు, బట్టలు మార్చుకునే గది, మార్చి కట్టుకోవడానికి సరిపడా యూనిఫారాలు, వాటిని ఉతికించే బాధ్యత పనిచేయించుకునేవాళ్ళది. ఆసుపత్రి తన దుప్పట్లను నర్సుల ఇళ్ళకు పంపదు కదా! 2022 జూలైలో బెంగళూరు పౌరకార్మికులు పని ఆపి ఉద్యోగాలు పర్మనెంటు చేయమని కూర్చున్నప్పుడు నగరం కదిలింది. ఉతుకుడు కూడా ఆ కోరికల జాబితాలోకి రావాలి. యూనియన్ సమావేశానికి వెళ్ళే తమ్ముళ్ళు ఈ మాట తీసుకెళ్ళండి. రాసిపెట్టమంటే మేము రాసిస్తాం.

ఇప్పుడు మిషన్. కొనగలిగినవాళ్ళు కొనండి, అది విలాసం అని అత్తగార్లు అనకండి. నీళ్ళు తక్కువున్న ఇంటికి, ఎప్పుడు పడితే అప్పుడు కరెంటు పోయే ఇంటికి సెమీ ఆటోమేటిక్ మంచిది. ఒకసారి పోసిన నీళ్ళను రెండు మూడు విడతలకు వాడుకోవచ్చు. కాకపోతే పక్కన మనిషి ఉండాలి. ముందునుంచి తలుపు తెరిచే రకం నీళ్ళు తక్కువ తాగుతుంది, ధర ఎక్కువ. దేన్నైనా గొంతుదాకా కుక్కకండి, బట్టలు తిరగడానికి చోటుంటేనే మురికి పోతుంది. వేడినీళ్ళ మీట నొక్కితే కరెంటులో పెద్ద వాటా ఆ నీళ్ళు కాగడానికే పోతుంది. రోజువారీ బట్టలకు చన్నీళ్ళు చాలు. చేత్తో ఉతికేవాళ్ళకు కూడా సెమీ ఆటోమేటిక్‌లోని డ్రయ్యరు వరం. దుప్పటి పిండటానికి ఇద్దరు అక్కర్లేదు, వానాకాలంలో సగం ఆరి చేతికొస్తుంది.

ఆరేసే ముందు ఒక్కసారి గట్టిగా దులిపి, అంచులు లాగి వేయండి. చొక్కాలను హ్యాంగరుకే తగిలించి ఆరబెట్టండి. ఇస్త్రీ సగం తప్పుతుంది. ఇంట్లో కట్టుకునే లుంగీకీ దిండు గలీబుకూ ఇస్త్రీ చేయమని ఏ వాక్యమూ చెప్పలేదు.

మా సంఘంలో మూడేళ్ళుగా ఒక చిన్న పని నడుస్తోంది. మంచం పట్టిన ముసలివాళ్ళున్న ఇళ్ళు మాకు ఏడెనిమిది ఉన్నాయి. ఒక్క ముసలమ్మ దుప్పట్లే రోజుకు రెండు, మూడు. ఉతికే కోడలు నడుము పట్టేసి ఆమే మంచం ఎక్కేలా ఉంది. అప్పుడు సంఘం డబ్బుతో మందిరం వెనక గదిలో పెద్ద మిషన్ ఒకటి, పాతదే, కొని పెట్టాం. కరెంటుకు వేరే మీటరు. తేవడం, వేయడం, ఆరేయడం యవ్వనస్థుల వంతు, వారానికి ఇద్దరు. మొదట్లో పేర్లిచ్చినవాళ్ళంతా అమ్మాయిలే. అబ్బాయిల పేర్లు లేని పట్టికను మేము గోడకు అంటించలేదు. రెండు వారాలు పట్టిక ఖాళీగా ఉంది, మూడోవారం నిండింది. ఆ ఇళ్ళకు ఇంకో ఉపాయం కూడా చెప్పాం. పరుపు మీద రెక్సిన్, దానిమీద దుప్పటి, నడుము కింద అడ్డంగా మడిచిన పాత నూలుచీర. తడిస్తే చీర ముక్క ఒక్కటే తీస్తే చాలు, దుప్పటంతా ఉతకక్కర్లేదు. మనిషిని అటూ ఇటూ దొర్లించే బాధా తప్పుతుంది.

డబ్బిచ్చి ఉతికించుకునేవాళ్ళకు రెండే మాటలు. బట్టలుతికే పనామెకు దుప్పట్ల రోజు అదనంగా ఇవ్వండి. సోడా తాకే చేతులకు తొడుగులు మీరే కొనివ్వండి. చాకలి అనే మాటను తిట్టుగా వాడటం మన పిల్లల నోటినుంచి పోవాలి. పాలకుర్తిలో తన పంట కోసం దొరను ఎదిరించి నిలిచిన ఐలమ్మది ఆ ఇల్లే.

కాళ్ళు కడిగిన ప్రభువు గురించి గుడ్ ఫ్రైడేకు ముందు గురువారం మనమంతా కన్నీళ్ళతో చెబుతాం. యోహాను 13లో ఆయన తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగి, ఆ తువాలుతోనే తుడిచాడు. పన్నెండుమంది దుమ్ముకాళ్ళు తుడిచిన తువాలు ఎలా ఉండి ఉంటుంది? అది తరువాత ఎవరు ఉతికారో సువార్త చెప్పలేదు. ఇరవయ్యో అధ్యాయంలో ఖాళీ సమాధిలో తల రుమాలు మాత్రం వేరుగా చుట్టిపెట్టి ఉంది. లేచిన దుప్పటి లేచినట్టే వదిలేసి కాలేజీకి పరుగెత్తే తమ్ముళ్ళు ఆ వచనం దగ్గర కాస్త ఆగాలి.

టీ అయ్యాక చెట్టు కింద గట్టు మీద మూడు టబ్బులు, సోడా, సబ్బు పొడి పెట్టి ఉంటాయి. అబ్బాయిలు ఎవరి నిన్నటి చొక్కా వాళ్ళు తెచ్చుకోండి. మొదట కాలరు, తరువాత చేతుల మడతలు, ఆఖర్న మిగతాది. మొత్తానికి నీళ్ళు ఆరు బకెట్లే, అందరికీ అవే సరిపోవాలి. తల్లులు కుర్చీలు తెచ్చుకుని టీ తాగుతూ చూడొచ్చు. సలహాలు మాత్రం ఎవరూ ఇవ్వకండి, లేచి సాయానికి అసలే రాకండి.